ఏరేసిన ముక్కలు

అమ్మాయీ, నేను కులాసా. మొన్న పంపిన డబ్బాలోని చిప్స్ పాపకు పెట్టకు. ముందు ఆ డబ్బా తీసి పక్కన పెట్టి, తర్వాత ఈ కార్డు చదువు.

మా వంటశాల చిప్స్ ల్యాబువాళ్లు పరీక్షకు అడిగారు. బంగాళాదుంప మరీ ఎర్రగా వేగితే ఒంటికి చెడుచేసే రసాయనం పుడుతుందట. దాని పేరు పలకడానికి నాకు మిగిలిన పళ్లు చాలవు. నలభై ఏళ్లుగా వేయిస్తున్నవాణ్ణి, పరువు పోతుందని గంటసేపు కూర్చుని లేతరంగు ముక్కలే ఏరి పంపాను. ఇవాళ ల్యాబు అమ్మాయి వచ్చింది.

"తాతగారూ, అన్నీ ఒకే రంగు. ఏరారు కదూ?"

"అబ్బే, నా చెయ్యే అంత!"

"సరే, మరి ఏరేసినవి ఏం చేశారు?"

పారేయడానికి మనసొప్పక మీకు పంపినవి అవే, తల్లీ. ల్యాబుకు మంచివి, మనవరాలికి మాడినవి! సిగ్గుతో ఒప్పుకున్నాను. ఒక్కసారికి ఏమీ కాదు, తరచూ తింటేనే ముప్పు అందావిడ. అయినా పారేయి.

అల్లుడుగారి మోకాలు ఎలా ఉంది? అక్కడ మరిచిన కళ్లజోడు పంపు. రేపు ఏరని పొట్లం నేనే ల్యాబులో ఇచ్చొస్తాను. పాప అడిగితే ఎలకలు తిన్నాయనకు, తాత తప్పుచేశాడని చెప్పు. అందరికీ దీవెనలు.

నాన్న