సాయిలు మంచం మీది పచ్చడి పార్శిల్

శుక్రవారం రాత్రి, రుసైల్ లేబర్ క్యాంపు, గల్ఫ్

ఈ రోజు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఏదో దేశంలో గంజాయి కంపెనీ, ఆ కేసుల్లో జైలుకెళ్లొచ్చిన వాళ్లకే ముందు ఉద్యోగాలిస్తోందట. దాన్ని సామాజిక బాధ్యత అంటారట. మా రూమ్ సాయిలు అదే ఆకు కేసులో ఇక్కడ జైల్లో ఉన్నాడు. ఎవరో ఇచ్చిన పచ్చడి పార్శిల్ విప్పి చూస్తే వాళ్లను నమ్మనట్టేనని, ఊరి నుంచి విప్పకుండా తెచ్చాడు; ఇక్కడి ఎయిర్‌పోర్టులో అందులోంచి గంజాయి బయటపడింది.

సాయంత్రం సెలవు నుంచి తిరిగొచ్చిన మా రూమ్ మల్లేశన్న నాకూ ఒక పచ్చడి పార్శిల్ ఇచ్చాడు. "మీ ఇంటోళ్లు పంపిండ్రట. ఎయిర్‌పోర్టుల ఒకాయన ఇచ్చిండు."

దాన్ని సాయిలు ఖాళీ మంచం మీద పెట్టి ఇంటికి ఫోన్ చేశాను.

"నేనేం పంపలే," అంది నా భార్య.

పారేద్దామంటే చేతులు రావడం లేదు. పైగుడ్డ మీద నా పేరు, నా మంచం నంబరు ఉన్నాయి. ఆ నంబరు ఈ రూమ్‌లో పడుకున్న వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.