ఆ పిల్ల ఏటంతంది?

బరంపురం,
శుక్రవారం.

అత్తయ్యగారికి మినతి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ అబ్బాయీ బాగున్నాం. కేబుల్ వైరు కూడా క్షేమమే అని రాద్దామనుకున్నాను గాని, మొన్న గాలివానకి అది సగం తెగి మన డాబా మీద వేలాడింది. పాత్రపూర్‌లో మీరూ, మీ అమ్మాయి హేమా, చంటిపిల్లా సుఖంగా ఉన్నారని తలుస్తాను. పాప ఫోటోలు చూశాను. ముక్కు అచ్చం మీదే. ఈ మాట అక్కడ పైకి అనకండి, హేమ అత్తగారు ఆ ముక్కు తమ వంశానిదని అందరికీ చెప్పుకుంటున్నారట.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని మీ అబ్బాయి నవ్వుతున్నారు. ఆయనకేం తెలుసు? ఫోన్ చేస్తే హేమ స్పీకర్ పెడుతుంది, పాప ఏడుపు అందుకుంటుంది, మీరు తిన్నావా అని అరుస్తారు, నేను తిన్నానని అరుస్తాను, అంతటితో మాటలు అయిపోతాయి. పైగా వెళ్లేటప్పుడు, రాయకపోతే అక్షరాలు మరిచిపోతావు, ఉత్తరమే రాయి అని చెప్పింది మీరే. మీరు మాట్లాడినట్టు రాయడం మాత్రం నాకు చేతకాదు. నా తెలుగు టీవీలో పుట్టింది కాబట్టి టీవీలాగే ఉంటుంది. సర్దుకోండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ మార్చాను. మీ అబ్బాయి బీపీ మాత్ర వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే. మీరు ఊళ్లో లేరని తెలిసినప్పటి నుంచి పాలవాడు ధైర్యంగా నీళ్లు కలుపుతున్నాడు. మా పుట్టినూరు కొడలలో అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. మీరు కాచి పంపిన నూనె గొప్పతనం గురించి ఆవిడ ఒడియాలో చాలాసేపు చెప్పింది గాని, అదంతా రాస్తే ఈ కాగితం చాలదు.

ఇక డిష్ సంగతి. మీరు రెండు ఉత్తరాల్లోనూ అదే అడిగారు.

కేబుల్ నడిపే గురువులు వచ్చి డాబా ఎక్కి వైరు చూశాడు. పాపం, మోకాళ్లు పట్టుకుని దిగాడు. కొడుకులెవరూ ఈ పనిలోకి రామన్నారట. ఎన్నిసార్లని ముడి వేస్తాను, ఇక మీరు కూడా డిష్ పెట్టించుకోండి అని తనే చెప్పాడు. నాకు మనసొప్పలేదు. గురువులు కేబుల్‌లో అన్నీ కలగలిపి వచ్చేవి. ఒక మీట నొక్కితే ఒడియా, పక్కది నొక్కితే తెలుగు, మధ్యలో ఆయన సొంత ఛానెల్‌లో మన పెద్దబజారు పెళ్లిళ్ల వీడియోలు. మీరు అందులో పెళ్లికూతురిని వదిలేసి, ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో చూసేవారు. కానీ గాలి వీస్తే చాలు బొమ్మ పోతోంది. ఏం చెయ్యను?

నిన్న పొద్దున్నే డిష్ కుర్రవాడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, మీది ఒడియా ఇల్లా, తెలుగు ఇల్లా అని అడిగాడు. ఏ ప్యాక్ వెయ్యాలో తెలుసుకోవడానికే అడిగాడు, అందులో వాడి తప్పేం లేదు. రెండూ వేయొచ్చు గాని, రెండూ చూసేవాళ్లు ఉండాలి కదా అన్నాడు. మీ అబ్బాయి పేపరులోంచి తల ఎత్తకుండానే, ఒడియా చాలు, అమ్మ హేమ దగ్గరే ఉండిపోతానంటోంది, నాకు క్రికెట్ వస్తే చాలు అన్నారు.

మీ రెండో ఉత్తరం బీరువాలో నా చీరల కింద ఉంది. అందులో మీరు రాసిన మాట నాకు కంఠతా వచ్చు. "నీకు తెలుగు వచ్చీసింది. ఇంక నాతో పనేటుంది? నీకు కావలసిన ఒడియావి ఏయించుకొని హాయిగా సూసుకో. నానిక్కడే ఉండిపోతాను." ఎంత తేలిగ్గా రాసేశారండీ. చదివిన రోజు నాకు ఒళ్లు మండింది. తరువాత ఏడుపొచ్చింది. తరువాత మళ్లీ ఒళ్లు మండింది.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు గుర్తున్నాయా? మీది ఇచ్ఛాపురం అవతలి పల్లె, మీకు బేరమాడే ఒడియా తప్ప రాదు. నాకు తెలుగులో అత్తయ్యగారూ అన్న ఒక్క మాటే వచ్చు, అదీ సీరియల్‌లో విన్నది. మీ అబ్బాయి పొద్దున్నే మిర్చి కొట్టుకు వెళ్లిపోయేవారు. మనిద్దరం ఇంట్లో మూగవాళ్లలా తిరిగేవాళ్లం. ఒకరోజు మీరు టీవీ పెట్టి, చాప మీద పక్కన చోటు చూపించి కూర్చోమన్నారు. అందులో ఆవిడ ఏడిస్తే ఎందుకు ఏడుస్తోందో చేతులతో, కళ్లతో, సగం ఒడియాతో చెప్పారు. అలా మొదలైంది. వార్తల కింద పరుగెత్తే అక్షరాలతో చదవడం నేర్పారు. ఒకటి కూడబలుక్కునే లోపు పది పారిపోయేవి. నేను మొదట పూర్తిగా చదివిన మాట వాయుగుండం. ఆ ఏడాది అది నాలుగు రోజులు తెర మీంచి కదల్లేదు కాబట్టి.

మీ అన్నయ్య ధర్మలింగం గారు భోజనానికి వచ్చిన రోజు నేను మరిచిపోయినా మీరు మరిచిపోనివ్వరు. సీరియల్‌లో ప్రతివాళ్లూ నీ అంతు చూస్తాను అంటుంటే, అంతం దాకా చూసుకోవడమని, ఏ లోటూ రానివ్వకపోవడమని నేను అనుకున్నాను. నెయ్యి గిన్నె పట్టుకుని ఎంతో మర్యాదగా, "మామయ్యగారూ, ఈరోజు మీ అంతు చూస్తాను" అన్నాను. ఆయన ముద్ద విస్తట్లో పెట్టేశారు. మీరు గోడకి ఆనుకుని కూలబడి నవ్వి, ఊపిరి తిరిగాక, "బయపడకురా అన్నా, అది నీకింకో గరిటె ఏస్తానంతంది" అన్నారు. ఆ రోజు నేను ఈ ఇంటిదాన్ని అయ్యాననిపించింది.

ఇప్పుడు ఇన్నాళ్లూ దాచిన సంగతి ఒకటి రాస్తాను. కోపం వస్తే రానివ్వండి.

అత్తయ్యగారూ, నాకు తెలుగు రావడం ఇప్పటి మాట కాదు. ఎప్పుడో వచ్చేసింది. సీరియల్‌లో వాళ్లు ఏమంటున్నారో నాకు ప్రతి మాటా తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా మీ మోచేతిని పొడిచి, ఏమంటోంది అని అడుగుతూ వచ్చాను. అసలు కథ కంటే మీరు చెప్పే కథ బాగుంటుంది. తెర మీద ఆవిడ క్షమించానంటే, మీరు "నోటితో అంతంది గాని మనసులో లేదు, దాని కళ్లు సూడు" అంటారు. సూడగా సూడగా మీరన్నదే నిజమవుతుంది. చూశారా, సూడగా అని రాసేశాను. అడగడం మానేస్తే మీరు చెప్పడం మానేస్తారని నాకు భయం.

మీరేం తక్కువ తిన్నారా? పాలవాడితో మీరు ఒడియాలో వేసుకున్న తగవు వంటింట్లోంచి విన్నాను. కొడలలో పుట్టిన నాకే రాని మాటలున్నాయి అందులో. అంత ఒడియా వచ్చిన మనిషి, మన రెండో సీరియల్, ఆ ఒడియాది, మొదలవగానే నా మీదకి ఒరిగి, "ఆ పిల్ల ఏటంతంది?" అని అమాయకంగా అడుగుతారు. నేను చెబుతాను. మీరు ఔనా అని బుగ్గన చెయ్యి పెట్టుకుంటారు. మీకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని మీకు తెలుసేమో, అది మాత్రం నాకు తెలియదు.

అందుకని, ఇక నాతో పనేముంది అని మీరు రాయకూడదు. తెలుగు నేర్పడమే మీ పని అయితే ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఆ తరువాత నేను అడిగినవన్నీ మీరు పక్కన ఉండాలని అడిగినవే.

డిష్ కుర్రవాడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు కదా. చూసేవాళ్లు ఉన్నారు, రెండూ వెయ్యి అన్నాను. గట్టిగానే అన్నాను. మీ అబ్బాయి నా మొహంలోకి ఒకసారి చూసి, పేపరు మడిచి పక్కన పెట్టి, పక్కింటి నుంచి నిచ్చెన తేవడానికి వెళ్లారు. మనిషి మంచివారే, చెబితే గాని తెలియదు.

తెలుగంతా వచ్చేసిందని కోతలు కోశాను గాని, ఈ వారం ఒక మాట నిజంగానే తెలియలేదు. గోపాలపూర్ నుంచి చేపల తట్టతో వస్తుందే చిట్టమ్మ, నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా ఇలగైపోనావు, అత్త మీద బెంగెట్టుకున్నావా?" అంది. ఏదో పెట్టుకున్నానంటోంది, బొట్టు తప్ప నేనేం పెట్టుకున్నాను? మీ అబ్బాయిని అడిగితే, జ్వరం లాంటిదే గాని జ్వరం కాదు అని చెప్పి కొట్టుకు వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ చిట్టమ్మనే అడిగాను. తట్ట దించి, "సెప్తే తెల్దమ్మా, వత్తే తెలుస్తాది" అంది.

నిన్న డిష్ బిగించారు. బొమ్మ ఎంతో తేటగా ఉంది, వాన కురిసినా రంగు పోలేదు. తెలుగు సీరియల్ పెట్టుకుని చాప వేసుకున్నాను. ఆ పెద్ద కోడలు ఏదో అంది. నేను పక్కకి ఒరిగి, ఏమంటోంది అన్నాను. అని, పక్కన ఉత్త చాప చూసుకునేసరికి చిట్టమ్మ అన్న ఆ బెంగేమిటో తెలిసింది.

మీరు చెప్పకుండా నేను నేర్చుకున్న తెలుగు మాట అదొక్కటే. అది నాకు వద్దు. మీ అబ్బాయి వచ్చే ఆదివారం బండి తీసుకుని వస్తారు, వచ్చేయండి.

ఇట్లు,
మీ కోడలు
మినతి