కార్తీక సోమవారం నాటి రెండో మోతాదు

బ్యోబ్లింగెన్, జర్మనీ,
11-12-2020

ఆరోగ్య బీమా కార్యాలయంలో మందుల అనుమతులు చూచు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా తమ్ముడు రవీంద్రనాథ్ నడుము నొప్పికి వాడుచున్న గంజాయి మందును చుక్కల రూపంలోనే కొనసాగించుట గురించి, జరిగిన తప్పు నాదని తెలియజేయుట గురించి.

నేను పై వ్యక్తికి పెద్దక్కను, వయస్సు యాభై ఏడు. అతని భార్య సంవత్సరీకానికి ఫిబ్రవరిలో వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయాను. నాకు జర్మన్ రాదు. అతని కుమార్తె వైశాలి ఇల్మెనౌలో చదువుకొంటున్నది. ఆమె దీన్ని జర్మన్‌లోకి మార్చి తమకు పంపుతుంది.

1. డాక్టరు గారు మొదట రెండు మార్గాలు చూపారు: ఎండు పువ్వును యంత్రంలో వేడిచేసి ఆవిరి పీల్చడం, లేదా నూనె చుక్కలు నోట వేసుకోవడం. తమ్ముడు ఆవిరిని ఎంచుకొన్నాడు. పది నిమిషాల్లో నడుము సడలేది. ఆఫీసు పని ఇంటి నుంచే కూర్చుని చేసుకొనేవాడు.

2. అక్టోబరులో కరోనా సోకింది. తగ్గింది గాని ఊపిరి మునుపటిలా లేదు. ఆవిరి పీల్చిన ప్రతిసారీ దగ్గు. దగ్గిన ప్రతిసారీ నడుములో గునపం దిగినట్లు వంగిపోయేవాడు. అందువలన డాక్టరు గారు చుక్కలకు మార్చగా తాము అనుమతించియున్నారు.

3. నవంబరు 23, కార్తీక సోమవారం. చుక్కలు మొదలుపెట్టింది ఆ రోజే. నాతోపాటు తానూ పగలంతా ఉపవాసం ఉన్నాడు. నక్షత్రం చూసి, దీపం పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసి, చుక్కలు మొదటి ముద్దలో కలిపాను. ఏ మందైనా నేతితోనో తేనెతోనో ఇవ్వడం మా ఇంటి అలవాటు. అరగంట గడిచింది.

"ఏం తగ్గలేదక్కా. ఇది మందా, తీర్థమా?" అన్నాడు.

"తీర్థమైతే ఇంకాస్త పోయొచ్చులే," అని మళ్ళీ అంతే వేశాను.

కడుపులోకి పోయిన ఈ మందు పనిచేయడానికి రెండు గంటలైనా పట్టవచ్చునని, నెయ్యి దాని బలం పెంచుతుందని తరువాత తెలిసింది. డాక్టరు గారు ముందే చెప్పియుండవచ్చు, జర్మన్‌లో చెప్పియుందురు. తమ్ముడు గోడలు దగ్గరికొస్తున్నాయన్నాడు. నన్ను అమ్మా అని పిలిచాడు. తరువాత పిలవలేదు. అంబులెన్సువారు తీసుకుపోయారు. నన్ను ఎక్కనివ్వలేదు.

4. ఆసుపత్రిలో తెలివి వచ్చాక, "నేనే రెండుసార్లు వేసుకున్నాను" అని చెప్పాడట. ఇంటికొచ్చాక అడిగాను.

"నీ పేరు చెబితే నీ వీసా ఏమవుద్దో ఎవడికి తెలుసు? ఊరుకో అక్కా," అన్నాడు.

ఆ మాటను ఆధారం చేసుకొని తమ ఉత్తరం వచ్చింది: రోగి మోతాదు పాటించలేదు గనుక చుక్కలు రద్దు, ఇకపై ఆవిరికే అనుమతి అని. అయ్యా, మోతాదు తప్పినది నేను. అతడు నా చేతి ముద్ద తిన్నాడు, అంతే. నా వీసా ఏమైనా కానివ్వండి.

5. ఇప్పుడు రాయబోయే సంగతి మేనకోడలికి తెలియదు. ఉత్తరం వచ్చాక ఒక్కసారి ఆవిరి పీల్చి, దగ్గుతో నేలమీద పడ్డాడు. మళ్ళీ ముట్టలేదు. నొప్పి ఎలా ఉందని అడిగితే ఇప్పుడు నవ్వుతున్నాడు. మొన్న ఇంటి కాగితాలు ఏ అరలో ఉన్నాయో చూపించాడు. నిన్న భార్య ఫోటో తుడిచి తెచ్చి నా గదిలో పెట్టాడు. మునుపు నడుముకు చేసిన ఆపరేషన్ నాటి నొప్పి బిళ్ళలు, ఏనాడో వాడడం మానేసినవి, అతని సొరుగులో చూశాను. జపానికి కూర్చుంటున్నాను. నామం మధ్యలో ఆగిపోతోంది.

అభ్యంతరాలు పరిశీలించుటకు మూడు నెలలు పట్టునని తమ ఉత్తరంలో ఉన్నది. అంత వ్యవధి మా ఇంట లేదు. కావున తప్పు నా పేర రాసుకొని, చుక్కల మందు తక్షణం ఇప్పించవలెనని, ఇకమీదట డాక్టరు గారు కొలిచి చూపినట్లే ఇవ్వగలనని మనవి. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బాలామణి

తా.క. వైశాలీ, ఫోటో తీసి పంపుతున్నాను. మూడోదీ ఐదోదీ వదిలేయకు. "అత్తా, ఇది రాస్తే నిన్నే పట్టుకుంటారు" అంటావు. పట్టుకోనీ. సంతకం పెట్టి వెళ్ళి సొరుగు తీశాను. డబ్బా ఉంది, బిళ్ళలు లేవు. నాన్న మెలకువగానే ఉన్నాడు, మింగలేదంటున్నాడు. ఎక్కడ పెట్టావురా అంటే మాత్రం మళ్ళీ ఆ నవ్వే. డాక్టరు గారికి ఫోన్ చేసి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, అంబులెన్సును పంపుతున్నానన్నారు. నువ్వు ట్రైను ఎక్కు, తర్జుమా దారిలో చెయ్యి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఎడమ చేత్తో వాడి చెయ్యి పట్టుకుని రాస్తున్నాను.