వెలిగించుకోండి

రామచంద్రపురం,
2025 జూన్ 22, ఆదివారం.

చిరంజీవి కరుణకు,

గంగాభవాని టీచరు శుభాశీస్సులతో రాయడమేమంటే, ఇక్కడ నేనూ మావారూ కులాసాగా ఉన్నాం. నువ్వూ కులాసాగానే ఉన్నావనీ, మేం ఖాళీ చేసిన ఇంట్లో నీ సామాను సర్దుకోవడం అయిందనీ అనుకుంటాను. వంటింటి కుళాయి కట్టేశాక కొంచెం కిందికి నొక్కాలి, లేకపోతే కారుతూనే ఉంటుంది. ఆ సంగతి చెప్పడం మరిచిపోయాను.

బదిలీ మీద వచ్చిన ఈ బడి బాగానే ఉంది. బస్సులు ఆగే చోటు పక్కనే కావడంతో, నేను పద్యం చెబుతుంటే కాకినాడ బస్సు కండక్టరు నాకంటే గట్టిగా అందుకుంటున్నాడు. పిల్లలు ఎవరి పాఠం వింటున్నారో తెలియడం లేదు.

నీ మెసేజీ చదివాను. ఫోను చేద్దామనుకుని ఆగాను. ఆ ఇంట్లో మాట్లాడితే గోడ అవతలికి వినిపిస్తుంది. ఇది పక్కింటి పెద్దావిడ వినవలసిన మాట కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇంట్లో దిగిన మర్నాడే తెల్లవారుజామున గోడ అవతల నుంచి ఒక పెద్దావిడ "ఏవండీ, వాసనేవైనా వస్తోందాండీ" అని అడిగారనీ, నువ్వు బెదిరిపోయి తలుపేసుకున్నావనీ రాశావు. తరువాత సంగతి కనుక్కుని, అంత బాధ్యత నేను మోయలేను మేడమ్, వాసన లేదని చెప్పాక ఏదైనా జరిగితే నా గతేమిటి అన్నావు. నీ భయం న్యాయమైనదే. కానీ ఆవిడ అప్పటి నుంచి పొయ్యి వెలిగించలేదనీ, బన్ను నీళ్ళలో ముంచుకుని తింటున్నారనీ కొబ్బరికాయలు దింపే చిట్టిబాబు నాకు ఫోను చేశాడు.

ఆవిడ పేరు పాపాయమ్మగారు. ఆవిడ భర్త సుందరరావుగారు మన బళ్ళోనే లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళ కిందట, ఊరి వెనక చేల కిందుగా వెళ్ళే గ్యాసు గొట్టం ఒకనాడు తెల్లవారకుండానే పగిలింది. ఏదో వాసన వస్తోందని మాస్టారు టార్చిలైటు తీసుకుని చేలోకి వెళ్ళారు. వస్తూనే టీ అడుగుతారు కదా అని ఈవిడ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళారు. అగ్గిపుల్ల గీశారో లేదో చేలో మంట లేచింది. మాస్టారు తిరిగి రాలేదు.

విచారణకి వచ్చినవాళ్ళు చేను ఆ చివర మోటారు షెడ్డులో నిప్పురవ్వ పుట్టిందని తేల్చారు. మీ పొయ్యి వల్ల కాదమ్మా అని ఆవిడకి విడమరిచి చెప్పారు. ఆవిడ ఆయ్ అన్నారు. నమ్మలేదు.

ఆవిడకి కావలసింది డాక్టరన్నావు. కూతురు షైనీ కాకినాడలో నర్సు. డాక్టరుకి చూపించింది, మాత్రలు వాడించింది, తనతో వచ్చెయ్యమని బతిమాలింది. చివరికి కరెంటు పొయ్యి కొనిచ్చింది. పాపాయమ్మగారు దానికి గుడ్డ కప్పి అటకెక్కించారు. ఎందుకండీ అని నేనడిగితే, "నేను అగ్గిపుల్ల గీయడం మానేసేనంటే, ఆ వేళ తప్పు నాదేనని ఒప్పేసుకున్నట్టే కదండీ" అన్నారు. అప్పటి నుంచే ఈ అడగడం, చెప్పడం. ఆవిడ అడుగుతారు. నేను పెరట్లోకి వచ్చి కాసేపు నిలబడి, ఏమీ లేదండీ, వెలిగించుకోండి అంటాను. అవతల అగ్గిపుల్ల చప్పుడయ్యాకే లోపలికి వెళ్తాను.

నువ్వు సోషలు చెబుతావు. భూకంపాల పాఠంలో అనుప్రకంపనలని ఉంటుంది కదా, పెద్ద కుదుపు వెనకాల వచ్చే చిన్నవి. అవి ఎన్నాళ్ళకి ఆగుతాయో నీ పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు. పేపరువాళ్ళు పర్యవసానాలు అన్నారు. డాక్టరు ట్రామా అన్నాడు. మావారు కర్మశేషం అంటారు. ఆ మాట నాకు పడదు, టీ పెట్టబోవడం ఏం కర్మ? నన్నడిగితే సెగ అంటాను. మంట ఆరింది, అందరూ చూశారు. సెగ ఆరిందో లేదో దగ్గరికి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.

నీ మీదికి ఏ ముప్పూ రాదు. ఆ పాత గొట్టం తవ్వి తీసేసి చాలా కాలమైంది, ఆ చేల కింద ఇప్పుడు గ్యాసే లేదు. ఆవిడ సిలిండరు ట్యూబు ఇన్నాళ్ళూ మావారు సబ్బునురుగు రాసి చూసేవారు, ఇకమీద షైనీ వచ్చినప్పుడల్లా చూస్తానంది. ఇక్కడి నుంచి నేనే ఫోనులో చెప్పనా అని పాపాయమ్మగారిని అడిగి చూశాను. "ఫోనులో వద్దండీ, గోడవతల మనిషుండాలండీ" అన్నారు.

ఇది నీ పని కాదని తెలిసే అడుగుతున్నాను. ఆ ఒక్క మాటా చెప్పు తల్లీ. కొత్త గొంతు కాబట్టి మొదట్లో రెండేసిసార్లు అడుగుతారేమో, విసుక్కోకు. ఆవిడ మళ్ళీ ఇంత వేడి టీ తాగారని వింటే నాకు ఇక్కడ నిద్ర పడుతుంది.

నీ మేలు కోరే
గంగాభవాని

తా.క. నీ మెసేజీలో చివరి మాటకి జవాబు రాయకుండానే సంతకం పెట్టేశాను. "నాకు ఎప్పుడూ జలుబే, మీ ముక్కు మీద ఉన్న నమ్మకం ఆవిడకి నా ముక్కు మీద ఎలా వస్తుంది" అన్నావు. కరుణా, కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నాకు ఏ వాసనా తెలియదు. సాంబారుకీ సాంబ్రాణికీ తేడా తెలియదు. మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ పెరట్లో నిలబడి లేదనే చెబుతూ వచ్చాను.

కిందటేడు ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మీ పాలు మాడిపోతున్నాయండీ అని పాపాయమ్మగారు గోడ అవతల నుంచి కేకేశారు. వెళ్ళి చూస్తే గిన్నె నల్లగా మాడి ఉంది. పొయ్యి కట్టేసి వచ్చేసరికి ఆవిడ గోడ దగ్గరే నిలబడి ఉన్నారు. వంటింటి గుమ్మంలో పరిచి ఉన్న పేపర్లకేసీ, నా మొహంలోకీ చూశారు. లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లవారుజామున, వాసనేమైనా వస్తోందా అని ఎప్పటిలాగే నన్నడిగారు. లేదండీ, వెలిగించుకోండి అన్నాను. వెలిగించుకున్నారు.