ముక్కుపొడి కాదు, మందు

ఎర్రగుంట్ల, ఆదివారం

రత్నమణికి, దేవుని దయతో నేను బాగున్నాను. ముక్కులోంచి రక్తం వచ్చిందనగానే నువ్వు ఫోనులో ఏడుపు అందుకున్నావు, ఆ తర్వాత ఒక్క మాటా వినలేదు. అందుకే ఈ కార్డు.

ఫ్యాక్టరీలో సిమెంటు దుమ్ముకు తుమ్ములు ఆగక, ఎవరినీ అడక్కుండా మందులషాపులో ముక్కులో కొట్టుకునే స్ప్రే కొన్నాను. అలవాటు కొద్దీ ముక్కుపొడి పీల్చినట్టే తల వెనక్కి వాల్చి గట్టిగా ఎగపీల్చాను. మందంతా గొంతులోకి దిగింది. నాలుగు రోజులకు ముక్కు లోపల ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. డాక్టరమ్మ చూసి నవ్వింది. "ఏమప్పా దేవదానం, దీన్ని ముక్కుపొడి అనుకుంటాండావా? తల కొంచెం ముందుకు వంచు. సీసా మూతి ముక్కు నడిమి గోడకు ఆనించాకు, చెంప దిక్కు తిప్పు. మెల్లగా పీల్చు. ఒక్క పూటకే గుణం కనపడదు, రోజూ వాడాల" అంది. ముక్కు మానాక ఆమె చెప్పినట్టే వాడుతున్నాను. రక్తం మళ్లీ రాలేదు. ముక్కుపొడి కూడా మానేశాను, నమ్ము.

మన చిన్నోడికి తుమ్ములని నా సీసా పంపమన్నావు. పంపను. ఒకరు వాడింది ఇంకొకరు ముక్కులో పెట్టుకోకూడదు. వాణ్ని నంద్యాలలో డాక్టరుకు చూపించు. మామ మోకాలి నొప్పి తగ్గిందా? నేను అడిగినట్టు చెప్పు.

ఇంకొక సంగతి. నువ్వు పంపిన వేరుశనగ బుడ్డల పొడి పాతనూనె కంపు కొడుతోంది. ఇన్నాళ్లూ రోజూ అదే కలుపుకుని తిన్నాను, నిన్నటిదాకా నాకు తెలియనే లేదు. కాబట్టి ఇక నా ముక్కు గురించి దిగులు మాని, కొత్త పొడి దంచి పంపు.

దేవదానం