గ్రూపులో అడిగిన ఒక్క ప్రశ్న

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కోరుట్లలో మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

దుబాయిలో ఉన్న తమ్ముడు షేర్ల సలహాలిచ్చే వాట్సాప్ గ్రూపులో చేరాడు. దాచుకున్నదంతా పెడతానంటే, ముందు నన్నూ చేర్చమన్నాను. అందులో ఎవరో సారు ఏ షేరు కొనాలో చెబుతాడు. మిగతావాళ్లు లాభమొచ్చిందని దండాలు పెడతారు. నష్టపోయినవాడు ఒక్కడూ కనబడలేదు. సిరిసిల్లలో నూలు కొనేటప్పుడు నువ్వు పోగు తెంపి చూడందే నమ్మేవాడివి కాదు. నాకూ అదే అనుమానం పట్టింది. వేర్వేరు పేర్లతో ఇద్దరు పెట్టిన పొగడ్త అక్షరం తేడా లేకుండా ఒకటే, స్పెల్లింగు తప్పుతో సహా.

"సార్, మీరు చెప్పింది ఎన్నడన్న తప్పైందా?" అని అడిగాను. వెంటనే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

తమ్ముడు ఫోన్లో కోప్పడ్డాడు. "నా ఇజ్జత్ తీసినవ్ అక్కా. గంత పెద్దమనిషిని గట్ల అడుగుతరా?"

"నిజమైనోడైతే నన్నెందుకు ఎల్లగొట్టిండు? నువ్వు గూడ అడిగి సూడు."

ఆ తర్వాత ఫోన్ చేయడం మానేశాడు. ఈ పొద్దున చేసి, నీ ఫొటోకు దండ వేశానా అని అడిగాడు. తర్వాత అన్నాడు: "నేను గూడ అడిగిన అక్కా. నన్ను గూడ తీసేసిండ్రు. ఒక్క పైస గూడ పెట్టలే."

తిన్నావా అని మాత్రం అడిగాను.

నీ బిడ్డ