నిలబడని కారు మీద ఆరేళ్లకు వచ్చిన దావా

రాచ్‌డేల్,
నవంబరు 11, 2025.

గౌరవనీయులైన జిల్లా న్యాయమూర్తి గారి సముఖమునకు,
కౌంటీ కోర్టు, మాంచెస్టర్.

అయ్యా,
(నోటీసులో న్యాయమూర్తి పేరు లేదు. అమ్మగారైతే మన్నించాలి.)

విషయం: లారెల్‌గేట్ పార్కింగ్ సొల్యూషన్స్ అనే సంస్థ నా భార్య, దివంగత గ్లెనిస్ హోల్‌రాయిడ్ మీద వేసిన దావాలోంచి ఆమె పేరు తీసేసి, నా పేరు చేర్చి, విచారణ జరిపించమని కోరుతూ.

సూచిక: సదరు సంస్థ పంపిన ఉత్తరాలు పదకొండు, తమ కోర్టు ద్వారా అందిన దావా కాగితాలు.

తమకు సవినయంగా మనవి చేసుకునేది.

1. ప్రతివాదిగా చూపిన నా భార్య 2023 ఫిబ్రవరి 9న మరణించింది. ధ్రువపత్రం జతచేశాను. దావా వేసింది 2025 సెప్టెంబరు 30న. నేను ఆమె భర్తను. వయసు డెబ్బై రెండు. నీటి సరఫరా సంస్థలో రసాయనికుడిగా పనిచేసి రిటైరయ్యాను.

2. వాది ఆరోపణ ఇది. 2019 అక్టోబరు 15, మంగళవారం నాడు, నా భార్య పేరున నమోదైన మా కారు స్పిండిల్ యార్డ్ దుకాణాల ఆవరణలోకి ఉదయం 8.41కి వెళ్లినట్టు ఒక ఫొటో ఉంది. సాయంత్రం 5.31కి బయటికి వచ్చినట్టు ఇంకో ఫొటో ఉంది. కాబట్టి కారు ఎనిమిది గంటల యాభై నిమిషాలు అక్కడే నిలిచి ఉందట. అక్కడ రెండు గంటలకు మించి నిలపకూడదు. అందుకు వంద పౌండ్లు కట్టమన్నారు. ఇది జరిమానా కాదు. ప్రైవేటు సంస్థకు జరిమానా వేసే అధికారం లేదు. కానీ పసుపు కవరు, నలుపు తెలుపు గళ్ల అంచు, పైన ఒక కిరీటం లాంటి బొమ్మ. చూసినవాడు పోలీసు కాగితం అనుకుని భయపడితే, ఆ భయానికి తమ పూచీ లేదన్నట్టు అడుగున చీమంత అక్షరాల్లో ఒక వాక్యం.

3. జరిగింది ఇది. వెనక తలుపుకు వేయడానికి ఆకుపచ్చ రంగు డబ్బా తెమ్మని నా భార్య చెప్పింది. ఆమె మొదటి పాఠం తొమ్మిదిన్నరకు. ఈలోగా కారు తీసుకుని వెళ్లి, డబ్బా కొని, పదిహేడు నిమిషాల్లో బయటికి వచ్చాను. తెచ్చింది మెరిసే రంగు. ఆమె చెప్పింది మెరవనిది. ఆమె ఆ రోజు పాఠాలు ముగించుకుని వచ్చాక, సాయంత్రం 5.20కి మళ్లీ వెళ్లి మార్చుకుని, 5.31కి వచ్చేశాను. వాది కెమెరా మొదటి రాకనూ చివరి పోకనూ ఉంచుకుని, మధ్యలోని ఒక పోకనూ ఒక రాకనూ వదిలేసింది. మా ప్రయోగశాలలో మొదటి కొలత, చివరి కొలత రాసుకుని మధ్యవి పారేసినవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్లం. ఇక్కడ అలాంటి యంత్రాన్ని నమ్ముకుని ఒక సంస్థ నడుస్తోంది.

ఈ వ్యవహారం మొత్తంలో తప్పు చేసిన మనిషి ఒకడు ఉన్నాడు. రంగు తప్పుగా తెచ్చినవాడు. ఆ రెండుసార్లూ కారు నడిపింది నేనే.

4. పైన 'పాఠం' అన్నాను. నా భార్య ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లో డ్రైవింగ్ నేర్పింది. సదరు కారు ఆమె నేర్పే కారే. ఆమె పక్కన కూర్చుంటే ఆమె కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉండేది. వాది పంపిన ఫొటోలో కారు నెత్తి మీద ఆమె పేరున్న బోర్డు కూడా కనిపిస్తుంది. ఏ ఆవరణలోకి వెళ్లినా, అక్కడి షరతుల బోర్డు చివరిదాకా చదివితే తప్ప విద్యార్థిని ఇంజను ఆపనిచ్చేది కాదు. నన్ను కూడా.

5. వాది లెక్కలో కారు కదలకుండా నిలబడి ఉన్న ఆ రోజున, ఉదయం 11.11కి, అదే కారులో రుఖ్సార్ మాలిక్ అనే అమ్మాయి ప్రభుత్వ డ్రైవింగ్ పరీక్షకు హాజరైంది. అది ఆమె నాలుగో ప్రయత్నం. పాసైంది. పరీక్షాధికారి కాగితం మీద తేదీ, సమయం, కారు నంబరు ఉన్నాయి. ప్రతి జతచేశాను. రుఖ్సార్ ఇప్పుడు ఇదే ఊళ్లో అంబులెన్స్ నడుపుతోంది. సంగతి చెప్పగానే డ్యూటీ దుస్తుల్లోనే మా ఇంటికి వచ్చింది. వాది ఉత్తరం రెండుసార్లు చదివింది.

"కారు అక్కడే నిలబడి ఉందంటే మరి నేను దేంట్లో కూర్చున్నానట, హోల్‌రాయిడ్ గారూ? గ్లెనిస్ గారు నన్ను రౌండెబౌట్ కూడలి చుట్టూ నడిపించి తీసుకెళ్లారా?" అంది.

సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉంది. సెలవు కూడా అడిగి పెట్టుకుంది.

6. ఈ పరీక్ష కాగితం వాదికి కొత్త కాదు. 2019 నవంబరులో నా భార్య స్వయంగా పంపింది. ఆమె ఉత్తరం నకలు ఉంది. మొత్తం మూడు వాక్యాలు. "మీరు చెప్పిన సమయంలో నా కారు డ్రైవింగ్ పరీక్షలో ఉంది. రుజువు జతచేశాను. మీ కెమెరాను కూడా ఎవరైనా ఒకసారి పరీక్షకు కూర్చోబెడితే మంచిది." దానికి జవాబు రాలేదు. ఐదేళ్లు ఏమీ రాలేదు. విషయం ముగిసిందని ఆమె అనుకుంది. ఇంకో మూడేళ్లకు పైగా బతికి, అలా అనుకునే వెళ్లిపోయింది.

7. పోయినేడు నవంబరులో ఉత్తరాలు మళ్లీ మొదలయ్యాయి. అన్నీ ఆమె పేరుకే. ఇలాంటి బాకీ మీద ఆరేళ్లు దాటితే దావా వేయడానికి వీల్లేదని తమకు తెలుసు. ఐదేళ్లు నిద్రపోయి లేచిన వాది, గడువుకు సరిగ్గా పదిహేను రోజుల ముందు దావా వేశాడు. మధ్యలో వంద పౌండ్లు నూట డెబ్బై అయింది, తర్వాత రెండువందల అరవై రెండు. ఎందుకు పెరిగిందో ఏ ఉత్తరంలోనూ లేదు. పెరిగిందన్న సంగతి మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఎర్ర అక్షరాల్లో ఉంది.

8. ఈ ఏప్రిల్‌లో మరణ ధ్రువపత్రం పంపాను. వాది జవాబు జతచేశాను. తమరు చదవకుండా నమ్మరు. "ప్రియమైన శ్రీమతి హోల్‌రాయిడ్, మీ పరిస్థితుల్లో వచ్చిన మార్పును మాకు తెలియజేసినందుకు ధన్యవాదాలు. ఈ మార్పు వల్ల చెల్లింపు కష్టమైతే నెలసరి వాయిదాలకు మేము సిద్ధం."

9. దాంతో ఫోన్ చేశాను. కెర్రీ అనే ఆమె ఎత్తింది. ఖాతాదారుతో తప్ప మాట్లాడకూడదని, వ్యక్తిగత సమాచార చట్టం ఒప్పుకోదని చెప్పింది. ఖాతాదారు నా భార్య అని, చనిపోయిందని చెప్పాను.

"అర్థమైందండీ. అయితే ఆవిడ ఒక్కసారి లైన్లోకి వచ్చి, మీతో మాట్లాడటానికి సరేనంటే చాలు."

"రాలేదు."

"పర్లేదండీ. మళ్లీ ఏ టైముకి చెయ్యమంటారు?"

చనిపోయిన తేదీ మళ్లీ చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "సారీ అండీ. నా ముందున్న కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువుతున్నా. మీరు చెప్పింది ఇప్పుడు ఎక్కింది," అంది. ఆ సంస్థలో నాకు తగిలిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ పేరా చదివి ఆమెను ఉద్యోగంలోంచి తీసేయకుండా తమరు చూడాలి.

10. పరీక్ష కాగితం రెండోసారి నేను పంపాను. ఈసారి జవాబు వచ్చింది. "సదరు పత్రం సదరు వాహనం సదరు కాలంలో మా ఆవరణ విడిచి వెళ్లినట్టు నిరూపించడం లేదు." అంటే రుఖ్సార్ పరీక్ష ఆ ఆవరణలోనే జరిగిందని అర్థం చేసుకోవాలి. స్పిండిల్ యార్డ్‌లో ఒక చెప్పుల దుకాణం, ఒక రంగుల దుకాణం, చేపల వేపుళ్ల కొట్టు ఉన్నాయి. పరీక్ష దారిలో ఉండే రెండు రౌండెబౌట్లు, ఒక రైలు గేటు, గంటకు అరవై మైళ్ల రోడ్డు ఎక్కడున్నాయో వాది ప్రతినిధి విచారణలో చూపించాలని కోరుతున్నాను.

11. ఇక అసలు సంగతి. అక్టోబరు 20న వాది వకీళ్లు ఒక ఫారం పంపారు. కారు నడిపినది ఎవరో చెప్పమని అందులో మూడు గళ్లు. నేను. మరొకరు. నడిపిన వ్యక్తి మరణించారు. మూడో గడిలో గీత పెట్టి సంతకం చేస్తే, 'సానుభూతితో' దావా వెనక్కి తీసుకుంటారట. షరతుల ఉల్లంఘన మాత్రం ఆమె పేరు మీద నమోదై ఉంటుందట. పైసా కట్టనక్కరలేదు.

మా పక్కింటి రేమండ్ అట్లీ బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. ఇలాంటి దావాలు నాలుగు గెలిచాడు. వాటికి ఒక అట్ట ఫైలు, ఫైలుకు రంగురంగుల చీటీలు ఉన్నాయి. ఈ దేశంలో ప్రతి వీధికీ ఇలాంటివాడు ఒకడు ఉంటాడని తమకు తెలిసే ఉంటుంది. నడిపింది ఎవరో చచ్చినా చెప్పకూడదన్నది అతని మొదటి సూత్రం. అన్ని ఉత్తరాల్లోనూ 'నడిపిన వ్యక్తి' అనే రాయాలట. చెప్పకపోతే వాళ్లే నిరూపించుకోవాలి, నిరూపించలేరు. ఫారం చూపించగానే మొహం వెలిగిపోయింది.

"ఇంకేం కావాలోయ్ డెరిక్. మూడో గడిలో గీత పెట్టి పడెయ్. నేను నాలుగు కేసులు గెలిచాను గానీ ఇంత సుఖంగా ఒక్కటీ గెలవలేదు."

"నడిపింది ఆవిడ కాదు."

"నాకు తెలీదా? వాళ్లకు తెలీదుగా. గ్లెనిస్ ఏమీ అనుకోదు."

"అనుకుంటుంది," అన్నాను.

రేమండ్ ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు. "అయితే విచారణకు నేనూ వస్తా. నా కారులో పోదాం. అక్కడ పార్కింగ్ దొరకదు," అన్నాడు.

12. ఆ ఫారం మీద సంతకం చేయలేదు. ఖాళీగా జతచేశాను. కారణం ఒకటే. ఈ ఊళ్లో వెయ్యిమందికి పైగా ఆమె దగ్గర నేర్చుకున్నారు. కారు ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో, ఎంతసేపు ఆపాలో నేర్చుకున్నారు. ఆపకూడని చోట ఎనిమిది గంటల యాభై నిమిషాలు కారు ఆపి పోయిన మనిషిగా ఆమె పేరు ఏ సంస్థ కంప్యూటరులోనూ ఉండటానికి నేను ఒప్పుకోను. ఆమె బతికుంటే తానే వచ్చి చెప్పుకునేది, అదీ మూడు వాక్యాల్లో. నాకు పన్నెండు పేరాలు పట్టాయి.

కావున తమరు దయతో:

(అ) ప్రతివాది స్థానంలోంచి గ్లెనిస్ హోల్‌రాయిడ్ పేరు తీసేయించాలి.

(ఆ) ఆ స్థానంలో నా పేరు చేర్చాలి. ఇందుకు నేను ఒప్పుకుంటున్నాను. నన్ను చేర్చేసరికి ఆరేళ్ల గడువు దాటిందన్న వాదన నా తరఫున నేను వదులుకుంటున్నాను. రేమండ్ దీనికి ఒప్పుకోలేదు; నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

(ఇ) విచారణ తేదీ వేయాలి. విచారణకు ముందురోజు దావా చప్పుడు లేకుండా వెనక్కి తీసుకోవడం ఇలాంటి సంస్థల అలవాటని రేమండ్ ఫైలు చెబుతోంది. అలా జారిపోనివ్వకుండా, ఆ రోజు కారు అక్కడ నిలిచి లేదని, నా భార్య ఏ షరతూ ఉల్లంఘించలేదని వాది చేత రాతపూర్వకంగా చెప్పించాలి. రెండు వాక్యాలు చాలు. అవి దక్కితే ఖర్చులు కూడా నేను అడగను. ఓడిపోతే ఆ రెండువందల అరవై రెండు పౌండ్లు నేను కడతాను, నా పేరు మీద, రంగు డబ్బా ఖాతాలో.

పై విషయాలు నిజమని నమ్ముతూ రాశాను. అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారమని తెలుసు. వాదికి కూడా తెలుసునో లేదో కనుక్కోవాలి.

తమ వీలు చూసుకుని చిత్తగించవలెను. తొందరేమీ లేదు, వాళ్లు ఆరేళ్లు ఆగారు.

తమ విధేయుడు,
కారు నడిపినవాడు,
డెరిక్ హోల్‌రాయిడ్

జతపరచినవి: మరణ ధ్రువపత్రం, పరీక్ష కాగితం, నా భార్య ఉత్తరం నకలు, వాది ఉత్తరాలు పదకొండు, ఖాళీ ఫారం.

తా.క. కోర్టు ఫారంలో, వాది ఉత్తరాలకు సకాలంలో ఎందుకు జవాబివ్వలేదో రాయమని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలేశాను. ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పోయాక ధ్రువపత్రం అందరికీ పంపాను. బ్యాంకు, పళ్ల డాక్టరు, గ్రంథాలయం, పింఛనువాళ్లు. అందరూ మర్యాదగా నెలలోపే ఆపేశారు. ఏడాదిన్నర పాటు తలుపు సందులోంచి ఆమె పేరున ఒక్క కాగితం పడలేదు. తర్వాత పోయిన నవంబరులో ఒక గురువారం పసుపు కవరు పడింది. శ్రీమతి గ్లెనిస్ హోల్‌రాయిడ్. తీసి, ఆమె ఉత్తరాలు పెట్టే అరలో పెట్టాను. నాలుగింటిని అలాగే పెట్టాను. విప్పలేదు. విప్పితే జవాబు రాయాలి, రాస్తే ఆగిపోతాయి. ఏప్రిల్‌లో విప్పాను, రాశాను. ఆగలేదు. అందుకు వాళ్ల మీద నాకు రావలసినంత కోపం రాలేదు.

ఇది చట్టం ఒప్పుకునే కారణం కాదని తెలుసు. పైన కోరినవాటిలో దేన్నీ వెనక్కి తీసుకోవడం లేదు.

ఉత్తర్వు పంపేటప్పుడు కవరు మీద నా పేరు రాయించండి.

డె. హో.